సోడాకొట్టులో నేను నేర్చిన పాఠము

గత జనవరి మాసములో నాకొక జాబు వచ్చినది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్న మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు దానిని వ్రాసెను. విదేశములనుండి వచ్చు జాబులలో సాధారణముగా మంచు ఎన్ని అడుగులు పడినది, కొత్త ఇల్లు ఎన్ని గదులది, పిల్లలు తెలుగు మాటలాడుచున్నారా లేదా అను విషయములుండును. ఇతని జాబులో అవేవియు లేవు. నాలుగు పుటల నిండ ఒక ఆటతుపాకిని గూర్చియు, దానికి తగిలించిన చిన్న గ్యాసుబుడ్డిని గూర్చియు వ్రాసియుండెను. చదువుచుండగా మొదట నవ్వు వచ్చినది. మూడవ పుట చేరునప్పటికి నవ్వు పోయి సిగ్గు మిగిలినది. సంచిక సంపాదకులు నన్ను చంద్రమండల యాత్రలను గూర్చి వ్రాయుమని కోరియుండిరి. దానిని మరియొక యేటికి ఉంచి, ఈ జాబు సంగతినే వ్రాయుటకు వారి అనుమతి పొందితిని.

ముందుగా ఆ ఆట యెట్టిదో చెప్పవలెను. దానిని పెయింట్‌బాల్ అందురు. మందుబిళ్లల పైపొర వలె జెలటినుతో చేసిన పలుచని గుల్లలో రంగునీరు నింపి, గోళీలంత గుండ్లు చేయుదురు. ఆటగాండ్రు రెండు పక్షములై, ముఖములకు దిట్టమైన ముసుగులు ధరించి, చెట్లచాటునను గోడలచాటునను దాగి, ఒకరినొకరు ఈ గుండ్లతో కొట్టుదురు. గుండు తగిలి పగిలి బట్టమీద రంగు పడినవాడు ఆటనుండి తొలగిపోవలెను. ఇప్పుడు హైదరాబాదు పరిసరములలోను ఇట్టి ఆటస్థలములు కలవు. ఈ తుపాకి మొదట ఆటకొరకు పుట్టినది కాదు. అడవిలో నరుకవలసిన చెట్లకును, మందలోని పశువులకును దూరమునుండి రంగుగుర్తు వేయుటకై దానిని చేసిరి. నెల్‌స్పాట్ 007 అని దాని పేరు. 1981వ సంవత్సరము జూన్ 27వ తేదీన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములోని యొక అడవిలో పన్నెండుగురు మిత్రులు ఈ పశువుల తుపాకులతో తొలిసారి ఆట ఆడిరి. ఆనాడు గెలిచినవాడు రిచీ వైట్ అను అటవీశాస్త్రజ్ఞుడు. అతడు ఒక్క గుండైనను పేల్చక, ఎవరి కంటను పడక, జెండాలన్నియు ఏరుకొని వచ్చెనట. తుపాకి ఆటలపై నాకు మక్కువ లేదుగాని, ఆ పెద్దమనిషి గెలుపు నాకు మిక్కిలి నచ్చినది.

ఈ తుపాకిలో మందుగుండు లేదు. గుండును తోయునది బొగ్గుపులుసు వాయువు. నేటి పాఠ్యపుస్తకములు కార్బన్ డై ఆక్సైడు అని వ్రాయుచున్నవి. మా తాతగారు బొగ్గుపులుసు గాలి యనెడివారు. నాకు ఆ పేరే రుచిగా నుండును గనుక రెంటిని వాడెదను. ఆ వాయువును గట్టిగా అణచి ద్రవముగా చేసి చిన్న బుడ్డిలో నింపి తుపాకికి తగిలింతురు. మీట నొక్కినప్పుడెల్ల కొంత వాయువు వెలువడి గుండును సెకనుకు దాదాపు 280 అడుగుల వేగముతో తోయును.

మన విద్యార్థి తన కార్యాలయపు మిత్రులతో కూడ జనవరిలో ఒక ఆదివారపు మధ్యాహ్నము ఈ ఆటకు పోయెను. అప్పుడు అచ్చట చలి సున్నకు దిగువ 10 డిగ్రీలట. మొదటి నాలుగైదు గుండ్లు సరిగా పోయినవి. తరువాతవి పది గజముల దూరములోనే నేలకు వ్రాలినవి. త్వరత్వరగా పేల్చిన కొలది తుపాకి మరింత నీరసించినది. బుడ్డిమీద తెల్లని నూగుమంచు పట్టినది. ఒకసారి తుపాకిని క్రిందికి వంచగా గొట్టమునుండి తెల్లని పొగ క్రమ్మి, లోపలి రబ్బరు వలయములు బిగుసుకొని, తుపాకి పూర్తిగా మూగబోయినదట. చలికి గుల్లలు కూడ పెళుసెక్కి రెండు గుండ్లు గొట్టములోనే పగిలినవి. మిత్రులు తుపాకి చెడిపోయినదనిరి. ఇతడు మాత్రము ఆ బుడ్డిని విప్పి, చంకలో పెట్టుకొని, కోటు కప్పుకొని, పావుగంట కూర్చుండెనట. వారందరు నవ్విరి. "మాస్టరుగారూ, నాకు మాత్రము మన వెల్దుర్తి సోడాకొట్టు జ్ఞప్తికి వచ్చినది" అని అతడు వ్రాసెను.

ఆ వాక్యము చదువగానే 2007వ సంవత్సరము డిసెంబరు మాసము నా కన్నులకు కట్టినది.

నేను అప్పుడు శిక్షణ కళాశాలనుండి వచ్చి కొద్ది సంవత్సరములే యైనది. బోర్డుమీద సూత్రము వ్రాసి, దాని క్రింద రెండు గీతలు గీచి, వెనుకకు తిరిగి తరగతిని చూచునప్పుడు నాకు కలిగెడి తృప్తి యింతింత కాదు. ఆ పిల్లవాడు తొమ్మిదవ తరగతి. అతని తండ్రికి వెల్దుర్తిలో గోలీసోడా కొట్టు ఉండెను. ఇనుపచట్రములో సీసా బిగించి, చక్రము చేతితో త్రిప్పి, నీటిని గ్యాసుతో నింపుట. సీసాను తలక్రిందులు చేయగానే లోని గోలీ గ్యాసు తోపుడుకు పైకి లేచి మెడలోని రబ్బరు వలయమునకు అతుకుకొనుట. ఇదంతయు మీలో పెద్దవారు చూచినదే. హైరం కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో ఈ గోలీసీసాను కనిపెట్టెను. ఆతని దేశములో ఆ సీసాలు ఏనాడో పురావస్తువులైనవి. మన పల్నాటి యెండలలో ఎంతమంది గొంతుకలను తడిపినవో లెక్క లేదు.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవము జరుగునని మీకు తెలియును. నాగులేటి యొడ్డున అయిదు దినములు జనము క్రిక్కిరిసియుందురు. మందపోరునాటి చాపకూడు, కోడిపోరునాటి సందడి చూచుటకు ఎక్కడెక్కడి నుండియో వత్తురు. ఆ అయిదు దినములు సోడాకొట్టు వారికి కోతకాలమువంటివి. ఆ యేడు ఆ తండ్రి వందలకొలది సీసాలు ఆటోలలో కారెంపూడికి పంపుచుండెను. రాత్రియంతయు సీసాలు నింపుట, తెల్లవారుజామున పెట్టెలకెత్తుట. కొడుకు చక్రము త్రిప్పువాడు.

ఆ దినములలో ఒకనాడు నేను వాయువుల ఒత్తిడిని గూర్చి పాఠము చెప్పుచుండగా ఆ పిల్లవాడు బల్లమీద తలవాల్చి నిద్రించుచుండెను. నేను లేపి, కారణమేమని అడిగితిని. వాడు లేచి నిలుచుండి, "రాత్రి సిలిండరు చల్లబడిపోయిందండి. గ్యాసు రాలేదు. డజను సీసాలకొకసారి ఆపి కూర్చోవలసి వచ్చింది. అందుకని తెల్లారిందాకా అయింది" అని చెప్పెను.

చెప్పుచున్న పాఠమదే గనుక, నాకు మంచి అవకాశము దొరికినదనుకొంటిని. రాత్రి చలి యెంత? మహా అయిన 15 డిగ్రీలు. పగలు 30 అనుకొందము. పరమ ఉష్ణోగ్రతలో 303 నుండి 288కి దిగినది. కావున ఒత్తిడి నూటికి 5 పాళ్లు తగ్గవలెను. ఇదంతయు బోర్డుమీద లెక్కకట్టి, "నూటికి అయిదు పాళ్లు తగ్గినంత మాత్రాన గ్యాసు రాకపోవునా?" అని వానిని అడిగితిని. వాడు బెదరక, "కాదండి, చాలా తగ్గుతుందండి. నింపేకొద్దీ ముల్లు పడిపోతుంది. ఆపి కూర్చుంటే మళ్లీ లేస్తుంది" అనెను. అంతటితో ఊరకొనక, "సిలిండరు సగమైనా ముల్లు మాత్రం తగ్గదండి, తూకం వేస్తేనే ఎంతుందో తెలుస్తుంది" అని కూడ చెప్పెను. సగము వాయువు పోయిన పిదప ఒత్తిడి తగ్గకుండుట నా సూత్రమునకు పూర్తిగా విరుద్ధము. ఒకసారి చలికి పడిపోవుననుచున్నాడు, ఒకసారి సగమైనను పడదనుచున్నాడు. రెండును అబద్ధములే యని నిశ్చయించుకొంటిని. "నిద్రపోవుటయే గాక సైన్సు పేరిట బొంకుచున్నావా?" అని తరగతి యెదుట గద్దించితిని. పిల్లలందరు నవ్విరి. వాడు కూర్చుండెను. మరి తల యెత్తలేదు.

మరునాడు వాడు రాలేదు. ఆ మరునాడును రాలేదు. ఉత్సవము ముగిసినను రాలేదు. అయిదవనాడు ప్రధానోపాధ్యాయులు హాజరుపట్టీ చూచి నన్ను పిలిచి, "ఆ పిల్లవాని సంగతి కనుగొనుడు" అనిరి. సాయంకాలము నేను వెల్దుర్తి పోయి, చీకటిపడిన తరువాత కొట్టు చేరితిని.

తండ్రి నన్ను చూచి స్టూలు తుడిచి వేసెను. తల్లి గడపలోనే నిలుచుండి మాటలాడెను. కోపముగా కాదు, మెల్లగానే. "చదువుకొన్నవారు మీరే అబద్ధమన్నారట. ఇంక వాడేం చెప్పుకొంటాడండీ? కొట్లోనే ఉంటానంటున్నాడు. వాళ్ల నాన్నకూ సాయమేగా" అనెను. నేనేదో సమాధానము చెప్పబోతిని. అంతలో లోపల చక్రము చప్పుడు వినబడినది. పెండ్లివారి కొరకు సీసాలు నింపుచున్నారట. చూచెదనని లోపలికి పోతిని. నిజమునకు ఆమె యెదుట నిలువలేక పోతిని.

మూలగా మనిషెత్తు సిలిండరు నిలిపియున్నది. పిల్లవాడు నన్ను చూచి చక్రము ఆపలేదు. డజను సీసాలు నిండునప్పటికి సిలిండరు అడుగుభాగమున తేమ పట్టినది. మరి రెండు డజన్లకు ఆ తేమ తెల్లని నూగుమంచుగా మారినది. అది పైవరకు వ్యాపింపలేదు; సరిగా మోకాలి యెత్తున గీత గీచినట్లు ఆగిపోయినది. నేను ఆ గీతను వ్రేలితో తాకితిని. క్రింద చుఱుక్కుమను చలి, పైన ఇనుము మామూలుగానే ఉన్నది. "ఆ గీత దాకా ఉన్నదండి సరుకు. పైన ఉత్త గాలి" అని తండ్రి చెప్పెను. పీడనమాపకము ముల్లు మెల్లమెల్లగా దిగుచుండెను. మూతవద్ద గ్యాసు సన్నదారిని వచ్చుచోట మంచు గడ్డకట్టినది. తండ్రి, "ఇంక ఆపరా" అని, బోరునీళ్లు రెండు బిందెలు తెచ్చి సిలిండరు మీద పోసెను. పగలు చల్లగా తోచు బోరునీరు చలికాలపు రాత్రి గోరువెచ్చగా నుండును గదా. మంచు కరిగినది. ముల్లు లేచినది. కాటామీద తూచి, సరుకు మూడవవంతే మిగిలినదని చెప్పి, ఆయన రెండవ సిలిండరు బిగించెను. దాని ముల్లు కూడ మునుపటి చోటనే నిలిచినది.

ఆ పిల్లవాడు తరగతిలో చెప్పిన రెండు మాటలును ఒక అరగంటలో నా కన్నులయెదుట నిజములైనవి.

ఆ రాత్రి ఇంటికి వచ్చి కళాశాలనాటి పుస్తకము తీసితిని. నేను బోర్డుమీద వ్రాసిన సూత్రము తప్పు కాదు. నేను దానిని వర్తింపజేసిన చోటు తప్పు. ఆ సూత్రము పాత్రలో వాయువు మాత్రమే యున్నప్పటిది. సిలిండరులో నున్నది ప్రధానముగా ద్రవము. ద్రవముమీద ఎప్పుడును దాని ఆవిరి నిండియుండును. కొంత ఆవిరిని మనము తీసికొన్నచో అంతమేర ద్రవము మరిగి ఆ లోటు పూడ్చును. కావున ద్రవము చుక్క మిగిలియున్నంతవరకు ఒత్తిడి ఎంత సరుకున్నదను దానిమీద ఆధారపడదు. ఎంత వెచ్చగా నున్నదను దానిమీదనే ఆధారపడును. అందుచేతనే ముల్లు చూచి సరుకు కొలువరాదు, కాటాతోనే కొలువవలెను. సోడాకొట్టువాడు ఎరిగిన ఈ సంగతిని పట్టభద్రుడనైన నేను ఎరుగనైతిని.

వెచ్చదనముతో ఆ ఒత్తిడి మారుట కూడ నూటికి అయిదుపాళ్ల వ్యవహారము కాదు. 30 డిగ్రీల వద్ద బొగ్గుపులుసు ద్రవముమీది ఒత్తిడి మన చుట్టునున్న వాయుమండలపు ఒత్తిడికి సుమారు 71 రెట్లు. 20 డిగ్రీల వద్ద 56 రెట్లు, 15 డిగ్రీల వద్ద 50 రెట్లు. మంచుగడ్డ కరుగు సున్న డిగ్రీల వద్ద 34 రెట్లు. సున్నకు దిగువ 10 డిగ్రీలయందు 26 రెట్లు మాత్రమే. దిగువ 20 అయినచో 19 రెట్లు. నేను లెక్కకట్టిన 30 నుండి 15 డిగ్రీల దిగుడుకే నూటికి 5 కాదు, 29 పాళ్లు పోయినవి.

ఇది బయటి చలివలన కలుగు నష్టము. ఇంతకంటె పెద్దది లోపలినుండి పుట్టు చలి. ద్రవము ఆవిరి యగుటకు వేడిమి కావలెను. మట్టికూజాలో నీరు చల్లబడుటకును, సూదిమందు వేయుటకు ముందు దూదితో స్పిరిటు పూయగా చర్మము చల్లనగుటకును ఇదే కారణము. సున్న డిగ్రీల వద్ద ఒక కిలో బొగ్గుపులుసు ద్రవము ఆవిరి యగుటకు పట్టు వేడిమి, 55 కిలోల నీటిని ఒక డిగ్రీ చల్లార్చుటకు చాలును. ఆ వేడిమిని ద్రవము తననుండియు తన యినుపగోడలనుండియు తీసికొనును. ఆగి ఆగి తీసినయెడల బయటి గాలి ఆ లోటు తీర్చును. త్వరపడి తీసినయెడల సిలిండరు తన్నుతానే గడ్డకట్టించుకొనును. కారెంపూడి ఉత్సవము త్వరపెట్టినది. పదునాలుగేండ్ల పిల్లవాడు రాత్రియంతయు డజనుకొకసారి ఆగవలసి వచ్చినది.

మన ప్రాంతములో ఎండకాలపు సంగతి వేరు. మన పొరుగున నున్న రెంటచింతల యెండలకు పేరుపొందినది. అచ్చట 46, 47 డిగ్రీలు నమోదగుట వింత కాదు. ఐర్లండు దేశపు బెల్‌ఫాస్టులో థామస్ ఆండ్రూస్ అను ఆచార్యుడు ఇదే బొగ్గుపులుసు వాయువుతో ప్రయోగములు చేసి, 31 డిగ్రీలకు పైని దానిని ఎంత అణచినను ద్రవము కాజాలదని 1869లో ప్రకటించెను. అనగా వేసవిలో మన సిలిండరులో ద్రవమే యుండదు. ద్రవమునకును వాయువునకును భేదము చెరిగిపోయి, దట్టమైన పదార్థమొకటి మాత్రము మిగులును. ఒత్తిడి అమితముగా పెరుగును. అందుకే ఆ తండ్రి వేసవిలో సిలిండరుకు తడిగోనె చుట్టెడివాడు. చలికాలములో బోరునీరు పోసెడివాడు. గోరువెచ్చని నీటికి మించిన వేడిమి దేనిని దానికి చూపరాదు. నిప్పుసెగ చూపినవారు ప్రాణములతో ఆటలాడినట్లే. సోడాకొట్లున్న ఇండ్ల పిల్లలు ఈ మాట తండ్రులకు చదివి వినిపింపవలెను. వారికి తెలిసియే యుండును; అయినను వినిపింపుడు.

ఇంకొక చిన్న ముచ్చట. ఈ వాయువు మనకు పరాయిది కాదు. పిడుగురాళ్ల బట్టీలలో సున్నపురాయి కాల్చునప్పుడు నూరు కిలోల రాతినుండి 56 కిలోల సున్నము మిగిలి, 44 కిలోలు ఈ వాయువే యై గాలిలో కలియును. మన పల్నాటి రాళ్లలోనే అది నిద్రించుచున్నది. 1767లో ఇంగ్లండులోని లీడ్సు పట్టణమున జోసెఫ్ ప్రీస్ట్‌లీ అను బోధకుడు పొరుగున నున్న బీరు కార్ఖానా తొట్లమీద తేలు ఈ వాయువును నీటిలో కరగించి తొలి సోడానీరు చేసెను. ఆయన దానిని అమ్మి ధనము గడింపలేదు. ఎట్లు చేయవలెనో 1772లో పుస్తకము వ్రాసి అందరికిని చెప్పెను.

మరల నా కథకు వచ్చెదను. ఆ రాత్రి కొట్టునుండి బయలుదేరునప్పుడు తల్లిదండ్రులతో, "రేపు వానిని పంపుడు" అని మాత్రము చెప్పితిని. వారు పంపిరి. మరునాడు నేను ఈ పాఠమంతయు క్రొత్తగా చెప్పితిని. మాపకము ముల్లు బొమ్మ గీచితిని, మంచుగీత బొమ్మ గీచితిని, మట్టికూజా ఉపమానము చెప్పితిని. చక్కగా చెప్పితినని నాకే తోచినది. తరగతి అంతయు చెవులప్పగించి వినినది. ఆ సంవత్సరము తనిఖీకి వచ్చిన అధికారి యెదుట ఆ పాఠమే చెప్పి మెప్పు పొందితిని. కాని, "మొన్న ఇతడు చెప్పినది నిజము, నేనన్నది తప్పు" అను ఒక్క వాక్యము నా నోట రాలేదు. పిల్లలు ఆ మంచుగీతను నేనే కనిపెట్టితిననుకొనిరి. వాడు కడపటి బల్లమీద కూర్చుండి, అందరివలెనే బొమ్మ గీచుకొనెను. వానికి బొంకరి యన్న పేరు పదవ తరగతి ముగియువరకు తోటివారు వేళాకోళముగా వాడుచుండిరి. నేను విని, విననట్లు పోయెడివాడను. శిక్షణ కళాశాలలో మా ఆచార్యులు, తెలియనిది తెలియదని చెప్పు ఉపాధ్యాయునికి తరగతిలో గౌరవము పెరుగునే గాని తరుగదని చెప్పియుండిరి. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చినవి.

జాబులో అతడు దీనిని గూర్చి ఒక్క మాట వ్రాయలేదు. తాను తుపాకి రోగమును ఎట్లు కుదిర్చెనో వ్రాసెను. మొదట బుడ్డిని తుపాకినుండి విడదీసి, కోటు లోపల ఒంటికి ఆనించి కట్టుకొని, పొడవైన గొట్టముతో తుపాకికి కలిపెనట. ఒంటివేడిమి ద్రవమును మరిగించునని. ద్రవము నేరుగా తుపాకిలోనికి పోకుండ బుడ్డిని నిటారుగా నిలిపెనట. గుండుకు గుండుకు నడుమ వ్యవధి ఇచ్చెనట. ఇవన్నియు వెల్దుర్తి ఉపాయములే. వానితో కొంత మేలు కనబడినను తృప్తి కలుగక, తుదకు బొగ్గుపులుసు బుడ్డిని మాని, మామూలు గాలిని చదరపు అంగుళమునకు 3000 పౌండ్ల ఒత్తిడితో నింపిన బుడ్డిని కొనెనట. అందు ద్రవము లేదు. మరుగవలసిన పని లేదు. ఆ ఒత్తిడిని బుడ్డిమూతిలోని సాధనము తగ్గించి, ఎప్పుడును సమానముగా తుపాకికి అందించును.

ఆ వాక్యము క్రింద అతడు ఒక లెక్క వేసి పంపెను. 20 డిగ్రీల నుండి సున్నకు దిగువ 10 డిగ్రీలకు దిగినచో, పరమ ఉష్ణోగ్రత 293 నుండి 263కు తగ్గును. కావున గాలిబుడ్డి ఒత్తిడి నూటికి 10 పాళ్లు మాత్రమే తగ్గును. అదే చలిలో బొగ్గుపులుసు బుడ్డి ఒత్తిడి 56 రెట్లనుండి 26 రెట్లకు, సగముకంటె తక్కువకు, పడిపోవును. "మాస్టరుగారూ, మీరు ఆనాడు బోర్డుమీద వ్రాసిన సూత్రము గాలిబుడ్డికి సరిగా సరిపోయినది" అని వ్రాసెను. అతడు ఎత్తిపొడుపుగా వ్రాసెనా, మర్యాదగా వ్రాసెనా యని నేను చాలసేపు ఆలోచించితిని. అతనిని ఎరుగుదును గనుక మర్యాదగానే యని తలచుచున్నాను. అందుచేతనే ఆ మాట మరింత గుచ్చుకొన్నది.

నేను బదులు వ్రాసితిని. పదునెనిమిదేండ్లు ఆలస్యముగా ఆ ఒక్క వాక్యమును వ్రాసి, దానిని మన పాఠశాల సంచికలో అచ్చువేయింతునని చెప్పితిని. అతని పేరు మాత్రము వేయవద్దని బదులు వచ్చినది. "నాన్నగారికి చదివి వినిపించండి చాలు. ఆయనకిప్పుడు చూపు ఆనటము లేదు" అని వ్రాసెను.

కావున గత శనివారము ఈ కాగితములు చంకనిడుకొని వెల్దుర్తి పోతిని. కొట్టు మూసి చాల కాలమైనది. ఇనుపచక్రము పెరటిలో తుప్పుపట్టియున్నది, కాటా మాత్రము వసారాలో ధాన్యము తూచుటకు పనికివచ్చుచున్నది. తల్లి నాకు మజ్జిగ తెచ్చి యిచ్చి, గడపలో కూర్చుండెను. నేను మొదటినుండి చదివితిని. బొంకుచున్నావా యన్నచోట నా గొంతు పట్టినది. ఆమె, "చదవండయ్యా" అనెను. పెద్దాయన కన్నులు మూసికొని వినుచు, ఒక్కచోట మాత్రము చేయి యెత్తి నన్ను ఆపెను. మొదట నేను మంచుగీత నడుమెత్తున నున్నదని వ్రాసియుంటిని. "నడుమెత్తున ఉంటే నేను సిలిండరు ఎందుకు మారుస్తానయ్యా? మోకాలి దాకానే ఉంది. మీరు వంగి తాకారు, నాకు గుర్తుంది" అనెను. అక్కడనే కలము తీసి దిద్దితిని.